కొత్తగూడలో ఒక అతుకు

కాశీకి పోయినవారు గంగాస్నానం గురించి వ్రాస్తారు. కాశ్మీరం పోయినవారు మంచు గురించి వ్రాస్తారు. నేను కొత్తగూడ పోయినవాణ్ణి. అక్కడ గంగా లేదు, మంచూ లేదు. అంచేత కారు బంపరు గురించి వ్రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

కొత్తగూడ ఎక్కడున్నదని అడిగేవారు ఈ రోజుల్లో తక్కువే. బెజవాడలో మా వీధిన పది ఇళ్ళుంటే ఆరిళ్ళ పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉద్యోగాలు చేస్తున్నారు. అయినా తెలియనివారి కోసం మనవి చేస్తాను. హైదరాబాదుకు పడమటి దిక్కున, శేరిలింగంపల్లి మండలంలో, హైటెక్ సిటీకీ కొండాపూరుకీ నడుమ ఉన్నది ఈ ఊరు. దక్షిణంగా పోతే గచ్చిబౌలి, ఉత్తరంగా పోతే హఫీజ్‌పేట, ఆపైన మియాపూరు. పేరులోనే “కొత్త” ఉంది. ఆ పేరు పెట్టిన పెద్దలెవరో గాని మహా ముందుచూపు గలవారు. అక్కడ పాతదంటూ ఏదైనా చూడాలంటే వెతుక్కోవాలి.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి గారు వచ్చి పక్కనే హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. గుండ్రని ఆ మేడను చూడటానికి అప్పట్లో జనం పనిగట్టుకొని వెళ్ళేవారు. ఇప్పుడు దాని చుట్టూ లేచిన అద్దాల మేడల నడుమ అది పెళ్ళివారి మధ్య తాతగారిలాగా ఒద్దికగా కూర్చుని ఉంటుంది. 2019 మార్చి 20న మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా వచ్చింది. 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవరు తెరిచారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, 263 కోట్ల రూపాయల ఖర్చు. ఏటా మేము సంక్రాంతి వెళ్ళాక ఒకసారి, దసరాకు ముందొకసారి అబ్బాయి దగ్గరకు వెళతాం. సంక్రాంతికి చూచిన టీ కొట్టు దసరాకు ఉండదు. దసరాకు చూచిన ఖాళీ జాగా సంక్రాంతికి ఉండదు.

ఆ ఊళ్ళో నిజంగా పాతవి రాళ్ళే. అవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాళ్ళు. ముప్ఫయ్యేళ్ళపాటు హైస్కూలు పిల్లలకు సామాన్యశాస్త్రం చెప్పినవాణ్ణి గనక, ఆ రాయి కనబడితే నాకు చెయ్యెత్తి నమస్కరించాలనిపిస్తుంది. మేడలు కట్టేవారికి మాత్రం పగలగొట్టాలనిపిస్తుంది. మా అబ్బాయి ఉండే అపార్టుమెంటు కింది సెల్లారు అటువంటి రాతిని తొలిచి కట్టిందే. ఆ సెల్లారులో స్తంభాలున్నాయి. ప్రతి స్తంభానికీ పులిచారల్లాగా పసుపూ నలుపూ పట్టీలు వేశారు. గుడ్డివాడికి కూడా కనపడేటట్లు వేశారు.

అందులో ఒక స్తంభానికి నేను కారు గుద్దాను.

అప్పుడు అబ్బాయి ఊళ్ళో లేడు. కోడలితోనూ పిల్లతోనూ బెంగుళూరు వెళ్ళాడు, నాలుగు రోజుల పని మీద. కారు తాళాలు గోడమీద కొక్కేనికి వేలాడుతున్నాయి. నిరుడు దసరాకే వాడు నెమ్మదిగా ఒక మాట అన్నాడు: “నాన్నా, ఇక్కడ నువ్వు నడపడం ఎందుకు? ఫోను నొక్కితే కారు గుమ్మంలోకి వస్తుంది కదా.” వాడు మంచిమాటే అన్నాడు. కాని ఫోను నొక్కి పిలిచే కారులో నేను ప్రయాణీకుణ్ణి. తాళం చేతిలో ఉంటే మనిషిని. ఈ తేడా పాతికేళ్ళ వయస్సులో తెలియదు. అరవై ఎనిమిది వచ్చాక, పరాయి ఊళ్ళో ఆరో అంతస్తులో కూర్చుంటే బాగా తెలుస్తుంది.

ఆ వేళ మేము బయలుదేరింది బొటానికల్ గార్డెనుకు. కోట్ల విజయభాస్కరరెడ్డి గారి పేరిట ఉన్న ఆ ఉద్యానవనం కొత్తగూడ రిజర్వు ఫారెస్టులో భాగం. లోపల అడుగు పెడితే నెమళ్ళ అరుపులు, వెదురు పొదలు, పెద్ద పెద్ద బండరాళ్ళు. గేటు బయట పది వరుసల మోటార్లు. ఆ రెంటికీ మధ్య ఒక గోడ మాత్రం అడ్డం. మా ఇంటినుండి అది ఎంతో దూరం లేదు. అయినా ఉదయపు నడకకని మేము కారులో వెళుతున్నాం. నడవడానికి కారులో పోవడం ఆ ఊరి ఆచారం. ఊరితోపాటు మనమూను.

మా ఆవిడ లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నది. నేను కారు వెనక్కు తీశాను. “ఫట్” మని అప్పడం విరిగినట్లు శబ్దమయింది. అంత పెద్ద కారునుండి అంత చిన్న శబ్దం వచ్చినందుకు ముందు ఆశ్చర్యపోయాను. తరువాత దిగి చూచాను.

స్తంభానికి ఏమీ కాలేదు. పసుపు పట్టీమీద గోటితో గీరినంత గీత. కారు వెనుక బంపరుకు మాత్రం కుడి మూలన జానెడు పగులు. చుట్టూ పెయింటు పొరలు పొరలుగా లేచింది. బంపరు కొస తన పట్టునుండి ఊడి, రెండు వేళ్ళు దూరేంత సందు ఇచ్చింది. కారు బెల్లం ముక్క పక్కకు పెట్టుకొని నన్ను వెక్కిరిస్తున్నట్లు కనపడింది.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. “గట్ల మొత్తుకుంటుంటే ఇంకా ఎన్కకే తీస్తిరి గద సార్!” అన్నాడు.

“ఏది మొత్తుకుంది?” అన్నాను.

“కారే సార్.”

ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. వాచ్‌మన్లకు అతిశయోక్తి అలవాటు.

“అబ్బాయికి ఫోను చెయ్యండి” అన్నది మా ఆవిడ.

“నాలుగు రోజులుంది కదా” అన్నాను.

మా ఆవిడ నా ముఖంలోకి చూచింది. లోగడ నేను పిల్లవాడి పరీక్ష పేపరు దిద్దడం మరిచిపోయి మార్కులు వేసిన రోజున కూడా ఆవిడ ఇలాగే చూచింది. ఇక ఏమీ అనలేదు.

మొదట ఒక పెద్ద వర్క్‌షాపుకు వెళ్ళాను. ఏది అన్నది ఇక్కడ అనవసరం. చల్లని గది, మెత్తని సోఫా, కాఫీ. తెల్లచొక్కా కుర్రవాడొకడు పలక లాంటి యంత్రం పట్టుకొని కారు చుట్టూ ప్రదక్షిణం చేసి ఫోటోలు తీసుకొన్నాడు. “రిప్లేస్ చేసెయ్యాలి అంకుల్” అన్నాడు.

“అతకడానికి వీల్లేదా బాబూ?”

“మేం అతకం అంకుల్. మార్చడమే మా పద్ధతి.”

నేను విన్నపద్ధతి వేరు. నేను పెరిగింది బెజవాడ ఆటోనగర్ పక్కన. ఇనుపబంపరు లారీ కింద పడి విల్లులాగా వంగినా, దాన్ని సుత్తితో, నిప్పుతో తిన్నగా చేసి తిరిగి బిగించేవారు అక్కడి మేస్త్రీలు. మార్చడం అనే మాట వారి నోట చివరికి వచ్చేది, అదీ చిన్న గొంతుతో. ఇక్కడ అది మొదటే వచ్చింది.

కుర్రవాడు లెక్క కాగితం ఇచ్చాడు. కొత్త బంపరు 11,000. పట్టులూ క్లిప్పులూ 1,400. పెయింటు 6,000. కూలి 3,000. వెరసి 21,400 రూపాయలు. నాకు కళ్ళు తిరిగాయి. అతడు ఓదారుస్తూ, “ఇన్సూరెన్సు ఉందిగా అంకుల్” అన్నాడు.

కాగితం పుచ్చుకొని ఇంటికి వచ్చి, బీమా పత్రం బయటికి తీసి, పెన్సిలు చెక్కుకొని కూర్చున్నాను. బీమా అంటే ఊరకే వచ్చే డబ్బు అనుకొనే పాఠకులుంటే ఈ లెక్క చిత్తగించండి.

మన దేశపు మోటారు బీమాలో ప్లాస్టిక్కు, రబ్బరు, నైలాను సామానుకు తరుగు కింద సగం కోస్తారు. తరుగు కోయని పాలసీ వేరే ఉన్నది. దానికి ప్రీమియం ఎక్కువ. మావాడు అది తీసుకోలేదు. అంచేత బంపరు, పట్టుల తాలూకు 12,400లో సగం, అనగా 6,200 మాదే. పెయింటు బిల్లులో నాలుగోవంతును సరుకు ఖరీదుగా తీసుకొని, అందులోనూ సగం కోస్తారు. అది 750. ఇవిగాక ప్రతి క్లెయిములోనూ యజమాని భరించి తీరవలసింది చిన్న కారుకు 1,000 రూపాయలు. ఇంజను 1,500 సీసీ దాటితే 2,000. మొత్తం 7,950 మా చేతినుండి పోతుంది. బీమావారిచ్చేది 13,450.

ఫరవాలేదే అనిపిస్తుంది. కాని కథ అక్కడితో ఆగదు. ఏ క్లెయిమూ లేకుండా ఏడాది గడిస్తే, మన కారుకు జరిగే నష్టం తాలూకు ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. రెండేళ్ళయితే 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50. మావాడు అయిదేళ్ళుగా ఒక్క క్లెయిమూ చెయ్యలేదు. వైకుంఠపాళిలో నిచ్చెనలన్నీ ఎక్కి పైగడిలో కూర్చున్నాడు. ఇప్పుడీ బంపరుకోసం నోరు తెరిస్తే పాము మింగి మొదటి గడిలో పడేస్తుంది. మళ్ళీ ఎక్కిరావడానికి అయిదేళ్ళు. మాఫీ లేని ప్రీమియం పదివేలనుకొందాం. మొదటి ఏడు 5,000 నష్టం, తరువాత 3,000, ఆపైన 2,500, 1,500, 500. కూడితే 12,500. కారు పాతబడుతున్నకొద్దీ ప్రీమియం దిగుతుంది గనక నష్టం కొంత తగ్గవచ్చు. అయినా బీమావారు కుడిచేత్తో ఇచ్చేదానిలో చాలామట్టుకు ఎడంచేత్తో తిరిగి పుచ్చుకొంటున్నారన్నమాట. పెద్ద దెబ్బలకు బీమా తల్లివంటిది. చిన్న దెబ్బలకు అది వడ్డీవ్యాపారి.

ఈ లెక్క పూర్తయ్యేసరికి సాయంత్రమయింది. అప్పుడు వాచ్‌మన్ చెప్పాడు, “ఊర్లకు పోండ్రి సార్, సందుల ఒక మేస్త్రీ ఉన్నడు” అని.

ఊళ్ళోకి! ఉన్నది ఊరే కదా అనుకొన్నాను. కాదట. మెయిన్ రోడ్డుమీద మనకు కనపడే కొత్తగూడ వేరు. అద్దాల దుకాణాల వెనుక మలుపు తిరిగితే అసలు కొత్తగూడ ఉంది. సందులు సన్నం. ఒకనాటి ఇంటి అరుగు మీద ఇప్పుడు కర్రీ పాయింటు. ఆ ఇంటిమీద అయిదంతస్తులు లేపి, ఉద్యోగాల పిల్లలకు హాస్టలు చేశారు. పైనుండి ఆరేసిన తువ్వాళ్ళు, కింద మిర్చిబజ్జీ బండి. ఒక వేపచెట్టు కింద నలుగురు ముసలివాళ్ళు కూర్చుని, వచ్చేపోయే కార్లను చూస్తున్నారు. ఒకప్పుడు మేకలు పోయిన దారి కాబోలు అది. వారిని చూచాక ఆ ఊరిమీద నాకు మొదటిసారిగా ఊరన్న భావం కలిగింది.

మేస్త్రీకి యాభై ఏళ్ళుంటాయి. రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, గోడకు బంపర్లు నాలుగైదు పచ్చళ్ళకు ఎండబెట్టిన మామిడి టెంకల్లాగా వేలాడుతున్నాయి. కారు చుట్టూ ఒక్కసారి నడిచి, వంగి పగులును తడిమి, “ముంగట ఇప్పి చూడాలె పెద్దసారూ. పైన చూసి చెప్పేది కాదు” అన్నాడు.

డాక్టరు కోటు లేకపోయినా ఈ మాట డాక్టరు మాట. నాకు నమ్మకం కుదిరింది.

ఇరవై నిమిషాల్లో బంపరు ఊడదీసి బల్లమీద బోర్లించాడు. నేనూ వంగి చూచాను. చూస్తూంటే నాలోని సైన్సు మాస్టారు లేచి కూర్చున్నాడు.

ఇన్నాళ్ళూ మనం బంపరు అనుకొంటున్నది అసలు బంపరు కాదు. అది ముసుగు. దాని వెనుక కారు వెడల్పునా అడ్డంగా ఇనుపదూలం ఒకటి ఉంటుంది. దెబ్బను కాచేది అది. దూలానికీ ముసుగుకూ నడుమ నురగ దిండు ఉంటే దెబ్బలో కొంత అది మింగుతుంది. ముసుగు పనల్లా గాలి సాఫీగా పోనివ్వడం, నడిచేవాడికి తగిలితే కాలికి కాస్త మెత్తగా ఉండటం, చూపులకు బాగుండటం.

వెనుకటి రోజుల్లో ముసుగు లేదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ సిమ్స్ అనే ఆయన 1905లో రబ్బరు బంపరుకు పేటెంటు పుచ్చుకొన్నాడు. తరువాత చాలాకాలం ఇనుపపట్టీకి క్రోమియం పూత వేసి, అద్దంలా మెరిపించి, కారుకు ముందూ వెనుకా బిగించారు. మన అంబాసిడరుకూ అదే ఉండేది. దానిలో ముఖం చూసుకొని పిల్లలు తల దువ్వుకొనేవారు. అమెరికాలో 1973 మోడళ్ళనుండి ఒక నిబంధన పెట్టారు: గంటకు 5 మైళ్ళ వేగంతో గుద్దినా దీపాలకూ ఇతర ముఖ్యభాగాలకూ హాని కలగరాదని. 1982లో దాన్ని రెండున్నర మైళ్ళకు దించారు. క్రమంగా ఇనుము లోపలికి పోయింది, ప్లాస్టిక్కు పైకి వచ్చింది. మనదేశంలో కొందరు ఆ ప్లాస్టిక్కును నమ్మక, దానిమీద మళ్ళీ ఇనుప కమ్మీలు బిగించేవారు. నడిచేవారి ప్రాణాలకు ముప్పని 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వం వాటిని తీయించమని రాష్ట్రాలకు వ్రాసింది.

బంపరు లోపలివైపున చిన్న అచ్చు ఉన్నది. “పీపీ, ఈపీడీఎం” అని. మేస్త్రీ దానిమీద వేలు పెట్టి, “గిది రాసి ఉంటే అతుకుతది” అన్నాడు. అది అతడికి అనుభవం. నాకు పాఠం. పీపీ అంటే పాలీప్రొపిలీన్. 1954లో ఇటలీలో జూలియో నట్టా దాన్ని గట్టి స్ఫటికరూపంలో తయారుచేశాడు. 1963లో జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లరుతో కలిపి ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు. ఈపీడీఎం ఒక జాతి రబ్బరు. గట్టిదనం మొదటిది ఇస్తే సాగుదల రెండవది ఇస్తుంది. పాలీప్రొపిలీను సుమారు 160 డిగ్రీల వేడికి కరుగుతుంది, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. లక్కలాగన్నమాట. అంచేతనే అదే జాతి ప్లాస్టిక్కు పుల్లను కరిగించి పగులులో పోసి అతకవచ్చు. ఊరికే సొట్టపడితే వేడినీళ్ళు పోసినా చాలు, లోపలినుండి నొక్కితే లేస్తుంది.

“అయితే మార్చనక్కరలేదా?” అన్నాను.

మేస్త్రీ వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. అతడి మాటలు నా భాషలో చెబుతాను. మొదట ఇనుపదూలం చూడాలి. అది వంగి ఉంటే పైముసుగు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు, దూలాన్ని మార్చాలి. రెండవది పట్టులు. బంపరు బిగిసే చెవులు మూలంతా చినిగిపోతే అతుకు నిలవదు. మూడవది ముక్క. పగులు అతుకుతుంది కాని, రాలిపోయిన ముక్క మొలవదు. నాలుగవది సెన్సారు. అది కూర్చునే గుంట అరవీసం వంకరపోయినా అది ఆకాశాన్నో, నేలనో చూస్తుంది. ఈ నాలుగూ బాగుంటే అతకడం, లేకుంటే మార్చడం. అంతకుమించి శాస్త్రం లేదు.

మా కారుకు దూలం తిన్నగా ఉంది. చెవి ఒకటే విరిగింది, ముక్క ఊడిపోలేదు. పగులు జానెడు. ఖర్చు 4,500. రెండు రోజులు. “పెయింటే కష్టం సార్” అన్నాడు. ఈ ప్లాస్టిక్కు జిడ్డుగుణం గలది, దానికేదీ అంత సులువుగా అంటుకోదు. ముందు అంటుమందు పూత వెయ్యాలి, తరువాత ప్రైమరు, ఆపైన రంగు, ఆపైన మెరుపు. అంటుమందు ఎగ్గొట్టినవాడి పని ఆరు నెలల్లో పొరలుగా లేస్తుంది. మా కారుది బూడిదరంగు, అందులో వెండిరజను. కోడు నెంబరు చూచి కలిపినా ఎండకు వెలిసిన పాతరంగుతో నూటికి నూరుపాళ్ళు కలవదు. “కొత్త బంపరేసినా గదే తిప్పల సార్, దానికీ రంగు ఏసుడే కదా” అన్నాడు. నిజమే. తెల్లచొక్కా కుర్రవాడి కాగితంలో 6,000 దానికే.

ఇంతలో మేస్త్రీ బంపరును ఎడమవైపుకు తిప్పి, “గీడ ఇంతకుముందే ఒకపాలి అతికిచ్చిండ్రు” అన్నాడు. చూచాను. ఎడమ మూల లోపలివైపున, గాయానికి వేసిన కుట్లలాగా తీగముక్కలు వరుసగా పాతి, వాటిమీద ప్లాస్టిక్కు కరిగించి రాశారు. పైనుండి చూస్తే రవ్వంత కూడా తెలియదు. “మంచి పనితనం” అని మెచ్చుకొన్నాడు మేస్త్రీ. అంత ఖరీదు పెట్టి కొన్న కారుకు ముందే అతుకా, ఎవరో మావాణ్ణి మోసం చేశారని నేను లోపల ఉడికిపోయాను.

చివరగా సెన్సార్లు చూడాలన్నాడు. వైరు కలిపి, కారు గేరు వెనక్కు వేసి, తన చెయ్యి సెన్సారుకు దగ్గరగా తెచ్చాడు. నేను కారు పక్కనే తలుపు తీసి నిలబడి ఉన్నాను.

“మంచిగనే మొత్తుకుంటుంది సార్” అన్నాడు.

నాకేమీ వినపడలేదు.

“ఏదీ, మళ్ళీ పెట్టు” అన్నాను. మళ్ళీ పెట్టాడు. షెడ్డులో పనిచేసే కుర్రవాడు తల ఊపాడు. బజ్జీబండి వాడు కూడా ఇటు తిరిగి చూచాడు. నేను మాత్రం మేస్త్రీ పెదవులనే చూస్తున్నాను. సీటులో కూర్చుని తల వంచి వింటే, ఎక్కడో గోడ అవతల కీచురాయి ఉన్నదేమో అన్నంతగా వినపడింది.

అప్పుడు వాచ్‌మన్ మాట గుర్తుకు వచ్చింది. మా ఆవిడ నాలుగైదు నెలలుగా టీవీ తగ్గించమని పోరుపెట్టడం గుర్తుకు వచ్చింది. కుక్కరు కూత వినపడక పప్పు మాడిపోతే, కుక్కరునే తిట్టిన సంగతి గుర్తుకు వచ్చింది. వయస్సు మీరినకొద్దీ ముందుగా పోయేవి సన్నని, హెచ్చుస్థాయి శబ్దాలని నేనే పిల్లలకు పాఠం చెప్పాను. లోపలిచెవిలో సన్నని రోమాల వంటి కణాలుంటాయి, మనిషికి అవి ఒకసారి పోతే తిరిగి మొలవవు అని బోర్డుమీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆ బొమ్మ నాదని అప్పుడు తెలియదు.

మేస్త్రీకి పని అప్పగించి సందులోనుండి నడిచి వచ్చాను. ఫ్లైఓవరు కింద నిలబడ్డాను. ఆఫీసులు వదిలిన వేళ. పైనా కిందా దీపాల వరుస. ఎక్కడెక్కడినుండో వచ్చిన పిల్లలు మోటారు సైకిళ్ళమీద సందుల్లో దూరి పోతున్నారు. అందులో ఎందరో వెనుకనుండి ఒక కూత కూసి, అవతలివాడు విన్నాడన్న నమ్మకంతో పోతారు. సెల్లారులో ఉన్నది స్తంభం గనక సరిపోయింది. స్తంభం చోట మనిషి ఉంటే? మా మనుమరాలు ఉంటే? అది సెల్లారులో సైకిలు తొక్కుతుంది.

అంతవరకు నా ఆలోచనంతా ఒకటే: అబ్బాయి వచ్చేలోపల అతికించి, రంగు కలిపించి, తాళాలు కొక్కేనికి తగిలించాలని. మేస్త్రీ పని చూస్తే అది సాధ్యమే. కాని పైముసుగు బాగుచేసి వంగిన దూలాన్ని వదిలెయ్యడం ఎటువంటి పనో పావుగంట కిందటే విన్నాను.

ఆ రాత్రి ఫోను చేశాను.

“ఒరేయ్, కారు బంపరు విరగ్గొట్టాను” అన్నాను.

అవతల కొంచెంసేపు మాట లేదు. “నీకేం కాలేదు కదా?” అన్నాడు. కాలేదన్నాను. మళ్ళీ కొంచెంసేపు మాట లేదు.

“నాన్నా, ఎడమ మూలా, కుడి మూలా?”

“కుడి.”

“అయితే నువ్వే” అన్నాడు వాడు, నిట్టూర్చినట్లు.

నాకు అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. తరువాత ఇద్దరం నవ్వాం. రెండేళ్ళ కిందట, మేము వచ్చే రెండు రోజుల ముందు, ఆ స్తంభానికే వాడూ గుద్దాడట. నాన్న చూస్తే జాగ్రత్త గురించి గంటసేపు పాఠం చెబుతాడని భయపడి ఊళ్ళో మేస్త్రీచేత అతికించాడట. అయిదేళ్ళుగా క్లెయిము లేకపోవడంలో రహస్యం కూడా అదే. ఫోను లౌడుస్పీకరులో పెట్టి వింటున్న మా ఆవిడ, “విత్తు ఒకటి, మొక్క ఒకటీ అవుతాయా” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నవ్వు అయ్యాక అసలు సంగతి చెప్పాను. సెన్సారు కూత వినపడలేదని. ఈసారి వాడు నవ్వలేదు.

వాడు రాగానే ఇద్దరం చెవి డాక్టరు దగ్గరకు వెళ్ళాం. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దాలు వినిపించి, కాగితంమీద గీత గీశారు. గీత ఎడమనుండి బాగానే నడిచి, హెచ్చుస్థాయి దగ్గర గుట్టమీదినుండి జారినట్లు దిగింది. రెండు చెవులకూ చిన్న యంత్రాలు పెట్టుకోమన్నారు. చెవులకు మార్చడమనే పద్ధతి లేదు. ఉన్నదాన్ని సరిచేసుకోవడమే. బంపరుకయితే రెండు దారులున్నాయి, మనకు ఒకటే. ఎంచుకొనే శ్రమ తప్పిందని సంతోషించాను. యంత్రాల ఖరీదు మాత్రం బంపరును మించిపోయింది. అది అబ్బాయి ఇచ్చాడు. బంపరు 4,500 నేనిచ్చాను.

మేస్త్రీ అన్నమాట నిలబెట్టుకొన్నాడు. పగలు చూస్తే అతుకు తెలియదు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రం కుడి మూలన రంగు పిసరంత తేడాగా కనపడుతుంది. అది నాకూ అబ్బాయికీ తప్ప ఎవరికీ తెలియదు. లోపలివైపున ఎడమ మూలన వాడి కుట్లు, కుడి మూలన నా కుట్లు.

తాళాల సంగతి తేలలేదని పాఠకులు అనుకోవచ్చు. తేలింది. యంత్రాలు పెట్టుకొన్న రోజున అబ్బాయి నన్ను సెల్లారుకు తీసుకువెళ్ళి, డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, గేరు వెనక్కు వెయ్యమని, తాను వెళ్ళి ఆ పులిచారల స్తంభం దగ్గర నిలబడ్డాడు. కారు కూసింది. అబ్బ! చెవులు చిల్లులు పడేటట్లు కూసింది. ఇంత గోల చేసే వస్తువును నేను నోరులేనిదనుకొన్నానా అనిపించింది. చప్పున బ్రేకు తొక్కాను.

“వినపడిందా?” అని అరిచాడు.

“నువ్వు అరవనక్కరలేదురా” అన్నాను.

తాళాలు మళ్ళీ కొక్కేనికే ఉన్నాయి. పగలయితే నేను నడపవచ్చు, చీకటిపడితే ఫోను నొక్కాలి అని ఒప్పందం. మర్నాడు ఉదయం మా ఆవిడా నేనూ బొటానికల్ గార్డెనుకు వెళ్ళాం. ఆవిడ లిఫ్టు దగ్గర ఆగి సెల్లారుకు నొక్కబోతే, నేను కింది అంతస్తు నొక్కాను. నడిచే వెళ్ళాం. ఇరవై నిమిషాలు పట్టింది. గోడ అవతల నెమళ్ళు అరుస్తున్నాయి. వాటికి తోడు ఇంకేవో చిన్నపిట్టలు కూడా ఉన్నాయని, అవీ పొద్దున్నే కూస్తాయని నాకు ఆవేళే తెలిసింది.